చెప్పిందే చెప్పే మాక్, చెప్పకుండా వచ్చే నల్

మీ టెస్టులన్నీ పాసయ్యాయి. రివ్యూలో ఎవరూ ఏమీ అనలేదు. కోడ్ ప్రొడక్షన్‌కి వెళ్లింది. రెండో రోజు కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పరీక్షే రాయని కుర్రాడి ఇంటికి ‘మీ అబ్బాయికి 0 మార్కులు’ అని మెసేజ్ వెళ్లిందట. ఆ రోజు పిల్లవాడికి జ్వరం, మెడికల్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. తండ్రి ఆఫీసులో కూర్చుని సమాధానం అడుగుతున్నాడు. మీరు కంగారుగా టెస్ట్ ఫైలు తెరిచారు. ‘మార్కులు నల్ అయితే ఆబ్సెంట్ అని చూపాలి’ అని పేరు పెట్టి మరీ రాసిన టెస్ట్ అక్కడే ఉంది. ఇప్పుడు నడిపినా పాసవుతోంది. మరి తప్పు ఎక్కడ జరిగింది?

డేటాబేస్ కోడ్ రాసే చాలామందికి ఇలాంటి రోజు ఒకటి ఎదురవుతుంది. అది మీ తెలివితక్కువతనం కాదు. టెస్ట్ రాయాలన్న శ్రద్ధ మీకుంది, నల్ గురించి ఆలోచన కూడా వచ్చింది. ప్రశ్న సరైనదే, అడిగిన చోటే తప్పు. నల్ గురించి ఏ ప్రశ్న మాక్‌ని అడగాలో, ఏ ప్రశ్న అసలు డేటాబేస్‌నే అడగాలో విడదీయడం వస్తే సగం బాధ తీరుతుంది. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. ఉదాహరణలు జావా, జేడీబీసీ, మాకిటోలతో చెబుతాను. మీరు వేరే భాషలో పనిచేస్తున్నా విషయం మారదు.

మాక్ అంటే క్రికెట్ నెట్స్‌లో పెట్టే బౌలింగ్ మెషీన్ అనుకోండి. ఏ వేగం పెడితే ఆ వేగంతో, ఎక్కడ వేయమంటే అక్కడే బంతి వేస్తుంది. మీ షాట్ సరిచేసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ ఎదుటి జట్టు బౌలర్ ఎలా వేస్తాడో అది చెప్పలేదు, ఎందుకంటే దానికి తెలిసిందంతా మీరు నొక్కిన మీటలే. అసలు డేటాబేస్ నల్‌తో ఎలా ప్రవర్తిస్తుందో మీకు తెలియకపోతే మీ మాక్‌కీ తెలియదు.

1. కీబోర్డ్ ముట్టుకునే ముందు మనిషిని అడగండి

మార్కుల టేబుల్‌లో మార్కుల కాలమ్ ఖాళీగా ఉంది. దానర్థం ఏమిటి? మీరు ‘ఆబ్సెంట్’ అనుకున్నారు. పరీక్షల విభాగంలో కూర్చునే ఉద్యోగిని ఒక్కమాట అడిగి చూడండి.

“మేడమ్, మార్కులు ఖాళీగా ఉన్నాయంటే పిల్లవాడు రాలేదనేనా?”

“రాలేదని కావచ్చు అండీ. ప్రాక్టికల్స్ అయితే బయటి ఎగ్జామినర్ మార్కులు ఇంకా పంపలేదని కూడా కావచ్చు. మాల్‌ప్రాక్టీస్ కేసులు కూడా తేలేదాకా ఖాళీగానే ఉంచుతాం.”

రెండు నిమిషాల మాటల్లో ఒక్క నల్ మూడు అర్థాలుగా తేలింది. మూడూ ఒకే ఖాళీలో దాక్కుంటే ఏ టెస్ట్ కూడా మిమ్మల్ని కాపాడలేదు. స్థితిని చెప్పడానికి వేరే కాలమ్ పెట్టించండి. అది కుదరకపోతే కనీసం ‘నల్ అంటే మార్కులు ఇంకా తెలియవు, అంతే’ అని అందరూ ఒప్పుకున్న మాటను రాసిపెట్టుకోండి. టెస్ట్ పేరులోనూ ఆ మాటే రావాలి.

2. మాక్ తనంతట తానిచ్చే జవాబులు కంఠతా పట్టండి

మీరేమీ చెప్పకపోయినా మాకిటో మాక్ ఏదో ఒక జవాబు ఇస్తుంది. ఇంట్ తిరిగివ్వాల్సిన మెథడ్‌కి 0, బూలియన్‌కి ఫాల్స్, స్ట్రింగ్‌కి నల్, లిస్ట్‌కి ఖాళీ లిస్ట్. చూడటానికి అమాయకంగానే ఉన్నాయి కదా? రిజల్ట్‌సెట్‌ని మాక్ చేసినప్పుడు ఇవేం చేస్తాయో చూడండి.

నెక్స్ట్ మెథడ్ గురించి మీరేమీ చెప్పలేదు. అది ఫాల్స్ ఇస్తుంది. లూప్ ఒక్కసారీ తిరగదు, ఖాళీ లిస్ట్ వస్తుంది. ఆ లిస్ట్‌లోని ఒక్కో విద్యార్థినీ పరీక్షించే అసర్ట్ మీరు ఫర్ లూప్ లోపల రాశారు. పరీక్షించడానికి ఎవరూ లేరు కాబట్టి టెస్ట్ పాస్! అందుకే లిస్ట్ సైజు ఎంతో ముందు అసర్ట్ చేయండి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి. ఇంకోటి, నెక్స్ట్‌కి ట్రూ అని మాత్రమే చెబితే లూప్ ఎప్పటికీ ఆగదు. ముందు ట్రూ, తర్వాత ఫాల్స్ అని రెండూ వరుసగా చెప్పాలి.

కాలమ్ పేరులో అక్షరం తప్పు పడిందనుకోండి. అసలు డ్రైవర్ అయితే ‘అలాంటి కాలమ్ లేదు’ అని ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ విసురుతుంది. మాక్ మాత్రం మారుమాట లేకుండా నల్ ఇస్తుంది. మీరు నల్ కోసమే టెస్ట్ రాస్తున్నారు కాబట్టి అదీ పాసవుతుంది! దీనికి మందు ఉంది. జేయూనిట్ 5తో మాకిటో ఎక్స్‌టెన్షన్ వాడండి. అందులో స్ట్రిక్ట్ స్టబ్స్ డిఫాల్ట్‌గానే ఉంటాయి. మీరు సిద్ధం చేసిన జవాబును కోడ్ వాడుకోకపోయినా, వేరే ఆర్గ్యుమెంట్‌తో పిలిచినా అది ఫిర్యాదు చేస్తుంది. విసుగొచ్చి దాన్ని లీనియెంట్‌గా మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

3. వాజ్‌నల్ దగ్గర ఆగి చూడండి

ఇప్పుడు మొదట చెప్పిన కుర్రాడి సంగతికి వద్దాం. జేడీబీసీలో గెట్‌ఇంట్ మెథడ్ ఇంట్ తిరిగిస్తుంది. ఇంట్‌లో నల్ పట్టదు. అందుకే కాలమ్‌లో నల్ ఉంటే అది 0 ఇచ్చి ఊరుకుంటుంది. ఆ 0 నిజంగా 0నా, నల్‌కి బదులు వచ్చిన 0నా అని తెలుసుకోవడానికి వాజ్‌నల్ అనే మెథడ్ ఉంది. దాని నియమం ఒక్కటే: చిట్టచివరగా చదివిన కాలమ్ గురించి మాత్రమే అది జవాబు చెబుతుంది.

మన కోడ్ ఇలా ఉందనుకోండి. మొదటి లైన్‌లో గెట్‌ఇంట్‌తో మార్కులు చదివారు. రెండో లైన్‌లో గెట్‌స్ట్రింగ్‌తో పేరు చదివారు. మూడో లైన్‌లో వాజ్‌నల్ అడిగి, ట్రూ వస్తే ఆబ్సెంట్ అన్నారు. చదవడానికి చక్కగానే ఉంది. టెస్ట్‌లో మాక్‌కి ఇలా చెప్పారు: గెట్‌ఇంట్ అడిగితే 0 ఇవ్వు, గెట్‌స్ట్రింగ్ అడిగితే పేరు ఇవ్వు, వాజ్‌నల్ అడిగితే ట్రూ అను. మాక్ అలాగే అంది, టెస్ట్ పాసయింది.

అసలు డేటాబేస్ దగ్గర ఏం జరిగింది? మూడో లైన్‌కి వచ్చేసరికి చివరగా చదివింది పేరు. పేరు నల్ కాదు కాబట్టి వాజ్‌నల్ ఫాల్స్ అంది. కుర్రాడికి 0 మార్కులు పడ్డాయి. కాలమ్‌లు ఏ వరుసలో చదివారన్న జ్ఞాపకం డ్రైవర్‌కి ఉంటుంది, మాక్‌కి ఉండదు. కావాలంటే మాక్‌కి ఆ జ్ఞాపకం కూడా నేర్పవచ్చు. కానీ అప్పుడు మీరు టెస్ట్ రాయడం మానేసి ఇంకో డ్రైవర్ రాస్తున్నట్టు లెక్క.

సరిచేయడం సులువే. గెట్‌ఇంట్ అయిన వెంటనే, మధ్యలో ఇంకే కాలమూ చదవకుండా వాజ్‌నల్ అడగాలి. అంతకన్నా మంచి దారి కూడా ఉంది. గెట్‌ఆబ్జెక్ట్‌కి కాలమ్ పేరుతో పాటు ఇంటీజర్ క్లాస్ కూడా ఇవ్వండి, ఈ రూపం 2011లో జావా 7తో వచ్చింది. నల్ ఉంటే నల్లే తిరిగివస్తుంది, వాజ్‌నల్ గొడవే ఉండదు. గెట్‌లాంగ్, గెట్‌డబుల్, గెట్‌బూలియన్ అన్నింటిదీ ఇదే తంతు. గెట్‌బూలియన్ అయితే నల్‌ని ఫాల్స్ చేస్తుంది. ‘ఫీజు కట్టారా?’ అన్న కాలమ్‌లో ‘తెలియదు’ కాస్తా ‘కట్టలేదు’ అయిపోతే ఎంత రభస జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

4. మీది కాని దాన్ని మాక్ చేయకండి

ఈ సలహా కొత్తది కాదు. మాక్ ఆబ్జెక్ట్స్ ఆలోచనను 2000లో పరిశోధన పత్రంగా లోకం ముందు పెట్టినవాళ్లలో స్టీవ్ ఫ్రీమన్, టిమ్ మెకినన్ ఉన్నారు. వాళ్లే మరో ఇద్దరితో కలిసి 2004లో రాసిన పత్రంలో, మీ సొంత టైపుల్ని మాత్రమే మాక్ చేయండి అన్నారు. ఆ పనిముట్టును తయారుచేసినవాళ్లే దాని హద్దు కూడా చెప్పారు. మనం పనిముట్టు తీసుకుని హద్దును వదిలేశాం.

దీన్ని ఆచరణలో ఎలా పెట్టాలి? కనెక్షన్, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మీవి కావు. వాటిని ఒక చిన్న క్లాస్‌లో బంధించండి. దానికి మీరే ఇంటర్‌ఫేస్ రాయండి. ‘హాల్‌టికెట్ నంబర్ ఇస్తే మార్కులు ఇవ్వు, లేకపోతే లేవని చెప్పు’ అన్నంత సులువుగా ఉండాలి. తిరిగివచ్చేది ఆప్షనల్ అయితే ఇంకా మంచిది. గ్రేడ్ లెక్కగట్టే, మెసేజ్ పంపే కోడ్ అంతా ఈ ఇంటర్‌ఫేస్‌తోనే మాట్లాడాలి. ఆ కోడ్‌ని టెస్ట్ చేసేటప్పుడు ఇంటర్‌ఫేస్‌ని నిశ్చింతగా మాక్ చేయండి. జేడీబీసీ ఉన్న చిన్న క్లాస్‌ని మాత్రం అసలు డేటాబేస్ మీదే నడపండి.

5. ఎస్‌క్యూఎల్ సంగతి ఎస్‌క్యూఎల్‌నే అడగండి

ఐదుగురు విద్యార్థులు. మార్కులు 80, 60, 40, 0, ఐదో వ్యక్తికి నల్. పాస్ మార్కు 35. కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

సగటు ఎంత? డేటాబేస్‌లో ఏవీజీ అడిగితే నల్‌ని పక్కనపెట్టి, 180ని 4తో భాగించి 45 ఇస్తుంది. అదే మార్కులు గెట్‌ఇంట్‌తో తెచ్చి జావాలో లెక్కగడితే 180ని 5తో భాగించి 36 వస్తుంది. ఒకే తరగతికి రెండు సగటులు. ఒకటి డ్యాష్‌బోర్డ్‌లో, ఇంకోటి పీడీఎఫ్ రిపోర్టులో కనిపిస్తే ప్రిన్సిపాల్ గారు ఎవర్ని పిలుస్తారో తెలుసుగా?

35 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్లు ముగ్గురు. 35 కన్నా తక్కువ వచ్చినవాళ్లు ఒక్కరు. మొత్తం నలుగురే! ఐదో వ్యక్తి ఏమయ్యాడు? నల్‌ని దేనితో పోల్చినా జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’ అని వస్తుంది. వేర్ క్లాజ్ షరతు నిజమైన వరుసల్నే ఉంచుతుంది. ‘35 కన్నా ఎక్కువ కాదు, సమానం కూడా కాదు’ అని నాట్ పెట్టి తిప్పి అడిగినా ఐదో వ్యక్తి దొరకడు. జావాలో నల్, నల్‌తో సమానమే. ఎస్‌క్యూఎల్‌లో అలా కాదు. మార్కులు = ప్రశ్నార్థకం అని రాసి, అక్కడ నల్ పంపితే ఒక్క వరుసా రాదు, ఎర్రరూ రాదు. ఈజ్ నల్ అనే అడగాలి.

ఇంకా పదునైనది ర్యాంకుల జాబితా. మార్కుల ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి ఆర్డర్ బై పెట్టారు. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ నల్‌ని అన్నింటికన్నా చిన్నదిగా చూస్తాయి కాబట్టి ఆబ్సెంట్ అయినవాడు చివర వస్తాడు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ నల్‌ని అన్నింటికన్నా పెద్దదిగా చూస్తాయి. అక్కడ పరీక్షే రాయని విద్యార్థి మొదటి ర్యాంకులో నిలబడతాడు! నల్స్ లాస్ట్ అని చివర చేరిస్తే ఆ రెండింట్లో సమస్య తీరుతుంది. కానీ చేర్చాలని మీకు ఎవరు చెప్పాలి? మాక్ చెప్పదు. దానికి మీరు ఇచ్చిన లిస్ట్‌లో అతను ఎక్కడుంటే అక్కడే ఉంటాడు.

నాట్ ఇన్ గురించి ఒక్క మాట. రీవాల్యుయేషన్ అడగని విద్యార్థుల జాబితా కావాలని, లోపలి క్వెరీతో నాట్ ఇన్ రాశారు. ఆ లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఫలితం మొత్తం ఖాళీ. నాట్ ఎగ్జిస్ట్స్‌కి మారండి.

ఇవన్నీ పట్టుకోవడానికి పెద్ద డేటా అక్కర్లేదు. పైన చెప్పిన ఐదు వరుసలే ఒక ఫైలులో పెట్టుకోండి: మామూలు విలువలు మూడు, నిజమైన సున్నా ఒకటి, నల్ ఒకటి. సున్నా, నల్ రెండూ పక్కపక్కనే ఉండటం ముఖ్యం. ఒకటే ఉంటే, మీ కోడ్ రెండింటినీ కలిపేసినా మీకు తెలియదు. డాకర్ ఉన్న మెషీన్‌లో టెస్ట్‌కంటెయినర్స్ లైబ్రరీతో, ప్రొడక్షన్‌లో ఏ డేటాబేస్ ఏ వెర్షన్ ఉందో అదే తాత్కాలికంగా లేపి, ఆ ఐదు వరుసలు వేసి, క్వెరీ నడిపి, పని అయ్యాక పడేయవచ్చు.

6. మాక్‌కి దాని గౌరవం దానికివ్వండి

ఇంతా విని మాక్‌లన్నీ తీసేస్తానని బయల్దేరకండి. మాక్ మాత్రమే బాగా చేయగల పనులున్నాయి. పరీక్షల మధ్యలో కనెక్షన్ తెగిపోతే మీ కోడ్ ఏం చేస్తుంది? అసలు డేటాబేస్‌ని సరిగ్గా ఆ క్షణంలో పడగొట్టడం కష్టం. మాక్‌కి ‘ఇక్కడ ఎక్సెప్షన్ విసురు’ అని ఒక్క లైన్ చెబితే చాలు. ‘మార్కులు లేవు’ అని మీ ఇంటర్‌ఫేస్ చెప్పినప్పుడు తల్లిదండ్రులకి మెసేజ్ వెళ్లకూడదు అన్న నియమాన్ని, పంపే మెథడ్‌ని ఒక్కసారీ పిలవలేదని వెరిఫై చేసి ఖాయం చేసుకోవచ్చు. మొదట చెప్పిన తండ్రి విషయంలో ఈ టెస్ట్ ఎంత విలువైనదో చూడండి.

రాసే వైపు కూడా ఒక సంగతి ఉంది. ఇంటీజర్‌లో నల్ పట్టుకుని సెట్‌ఇంట్‌కి ఇస్తే, అది ఇంట్‌గా మారబోయి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. డ్రైవర్ దాకా వెళ్లనే వెళ్లదు. ఇది జావా తప్పు కాబట్టి మాక్ ఉన్నా దొరికిపోతుంది. నల్ అయితే సెట్‌నల్ పిలవాలి. కాకపోతే సెట్‌నల్ పిలిచారని వెరిఫై చేసినంత మాత్రాన ఆ కాలమ్ నల్‌ని ఒప్పుకుంటుందని కాదు. అది టేబుల్ చెప్పాల్సిన మాట.

7. ఎనీస్ట్రింగ్‌ని నమ్మి మోసపోకండి

2016లో వచ్చిన మాకిటో 2 నుంచి ఎనీస్ట్రింగ్ నల్‌కి సరిపోలదు. కోడ్ పొరపాటున హాల్‌టికెట్ నంబర్‌ని నల్‌గా పంపితే, మీరు సిద్ధం చేసిన విద్యార్థి రాడు, డిఫాల్ట్ జవాబు వస్తుంది. ‘విద్యార్థి దొరకలేదు’ అన్న టెస్ట్ తప్పుడు కారణంతో పాసవుతుంది. నల్ వస్తుందని తెలిసిన చోట ఈజ్‌నల్ అనీ, రావచ్చు రాకపోవచ్చు అన్న చోట నల్లబుల్ అనీ స్పష్టంగా రాయండి. వీలైతే అసలు విలువే రాయండి.

పైథాన్‌లో పనిచేసేవాళ్లకి ప్రమాదం ఇంకో దిక్కు నుంచి వస్తుంది. అక్కడ మ్యాజిక్‌మాక్ చెప్పనిదానికి నన్ ఇవ్వదు, మరో మాక్ ఇస్తుంది. అది ఇఫ్‌లో ఎప్పుడూ నిజమే. ‘మార్కులు నన్ అయితే’ అన్న దారిలోకి మీ టెస్ట్ అసలు అడుగే పెట్టదు. ఫెచ్‌వన్‌కి ఏం తిరిగివ్వాలో మీరే రాయండి. వరుసే లేకపోతే నన్, వరుస ఉండి విలువ లేకపోతే నన్ ఉన్న టపుల్. రెండింటికీ వేర్వేరు టెస్టులు ఉండాలి. డాట్‌నెట్‌లోనూ ఈ తేడా ఉంది: ఎగ్జిక్యూట్‌స్కేలర్ వరుస లేకపోతే నల్, విలువ లేకపోతే డీబీనల్ ఇస్తుంది.

టీమ్‌లో మీకు ఎదురయ్యే మాటలు

“కాలమ్‌కి నాట్ నల్ పెట్టాం కదా, నల్ ఎక్కడిది?” లెఫ్ట్ జాయిన్ నుంచి వస్తుంది. మార్కుల టేబుల్‌లో వరుసే లేని విద్యార్థికి ఆ కాలమ్ నల్‌గానే కనిపిస్తుంది. ఒక్క వరుసా లేని సెక్షన్‌కి ఎస్‌యూఎమ్ అడిగినా 0 రాదు, నల్ వస్తుంది. కౌంట్ ఒక్కటే 0 ఇస్తుంది.

“హెచ్2 ఇన్‌మెమరీ డేటాబేస్ చాలదా?” మాక్ కన్నా నయమే. కానీ ర్యాంకుల జాబితా గుర్తుంది కదా. హెచ్2 మామూలు సెట్టింగ్‌లో నల్‌ని చిన్నదిగా చూస్తుంది. మీ ప్రొడక్షన్ పోస్ట్‌గ్రెస్ అయితే టెస్ట్‌లో చివర ఉన్నవాడు బయట మొదటికి వస్తాడు. ప్రొడక్షన్ ఒరాకిల్ అయితే ఇంకో చిక్కుంది. అది ఖాళీ స్ట్రింగ్‌ని కూడా నల్‌గానే దాచుకుంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలిన విద్యార్థి మీ సిస్టమ్‌లో ఎలా కనిపిస్తాడో అక్కడే చూడాలి.

“అసలు డేటాబేస్ పెడితే టెస్టులు నెమ్మదిస్తాయి.” నిజమే, నెమ్మదిస్తాయి. అందుకే ఆ టెస్టులు కొన్నే ఉండాలి, క్వెరీలు ఉన్న క్లాసులకే ఉండాలి. ఒక్కో టెస్ట్‌కి డేటాబేస్‌ని మళ్లీ లేపకండి. ఒకసారి లేపి, ప్రతి టెస్ట్ చివరా ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ చేయండి.

“మా నల్ టెస్టులు ఇప్పటికే బాగున్నాయి.” అయితే ఒక పని చేసి చూడండి. కోడ్‌లో నల్‌ని చూసుకునే లైన్‌ని కామెంట్‌లో పెట్టి టెస్టులు నడపండి. ఇంకా పాసవుతున్నాయా? అయితే అవి దేన్నీ పరీక్షించడం లేదు. జావాలో ఈ పనిని పిట్ అనే టూల్ తనంతట తానే చేసిపెడుతుంది. అయితే వాజ్‌నల్ వరుస తప్పును మాత్రం ఇది పట్టుకోదు. ఆ లైన్ తీసేస్తే టెస్ట్ బుద్ధిగానే ఫెయిలవుతుంది, ఉంచితే పాసవుతుంది, తప్పు అలాగే ఉంటుంది.

రేపు పొద్దున్నే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత ప్రాజెక్టులో వందల మాక్‌లు ఉంటాయి. అన్నింటినీ ఒకేసారి మార్చబోతే వారంలో మీకూ విసుగొస్తుంది, మీ లీడ్‌కీ విసుగొస్తుంది. ఎడిటర్‌లో ‘వాజ్‌నల్’ అని వెతకండి. తర్వాత గెట్‌ఇంట్, గెట్‌డబుల్, గెట్‌బూలియన్ కోసం వెతికి, వాటి కాలమ్‌లలో నల్‌కి అనుమతి ఉన్నవి ఏవో స్కీమాలో చూడండి. ఆ రెండు జాబితాల్లోంచి డబ్బుకో, మార్కులకో, మందుల మోతాదుకో సంబంధించిన కాలమ్ ఒకటి ఎంచుకోండి. దానికి ఒక్క టెస్ట్, అసలు డేటాబేస్ మీద, సున్నా ఒక వరుసలోనూ నల్ ఇంకో వరుసలోనూ పెట్టి రాయండి. అది ఫెయిలైతే సంతోషించండి, ఇన్నాళ్లూ దాగి ఉన్న బగ్ దొరికినట్టే. పాసైతే పక్క కాలమ్‌కి వెళ్లండి. పాత మాక్ టెస్ట్‌ని మాత్రం, ఈ కొత్తది బిల్డ్ సర్వర్‌లో కూడా నడిచిందని చూసుకున్నాకే తీసేయండి.